డెత్ కార్డు వస్తే చస్తామా? టారో తురుపు ముక్కల అసలు చరిత్ర

 

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. మా బాబాయికి గుండె ఆపరేషన్. రేపు పొద్దున అనగా ముందు రోజు రాత్రి. మా చెల్లి, అంటే బాబాయి కూతురు, ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్ చూస్తోంది. నిద్ర పట్టక ఒక లైవ్‌లో టారో రీడింగ్ అడిగింది. అవతలి మనిషి మూడు ముక్కలు తీశాడు. మూడోది డెత్ కార్డు. గుర్రం మీద అస్థిపంజరం. "మీ ఇంట్లో పెద్దవాళ్ళకి గండం కనిపిస్తోంది, పరిహారం చేయిస్తే తప్పుతుంది, ఐదు వేలు పంపండి" అన్నాడు. పంపేసింది.

రాత్రి ఒంటిగంటకి నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, నాన్న లోపలే పోతాడా?" అని ఒకటే ఏడుపు. ఆపరేషన్ బాగానే జరిగింది, బాబాయి ఇప్పుడు శుభ్రంగా తిరుగుతున్నాడు. కానీ ఆ రాత్రి ఆ పిల్ల పడ్డ నరకం నాకు ఇంకా గుర్తుంది. నేను "అదేం కాదులే, ఏడవకు" అన్నానే గానీ, "ఆ బొమ్మ ఎవరు గీశారు? ఎందుకు గీశారు?" అని తను అడిగి ఉంటే నా దగ్గర సమాధానం లేదు. తర్వాత కూర్చుని చదివాను. ఆ చదివిందే ఈ రోజు మీకు చెబుతాను.

ముందు ఒక మాట. తురుపు ముక్క. ఈ మాట మనందరికీ తెలుసు. పేకాట రానివాళ్ళు కూడా "వాడి చేతిలో తురుపు ముక్క ఉంది" అంటారు. ఇది తెలుగు మాట కాదండీ, డచ్చివాళ్ళ మాట. డచ్చి భాషలో దీన్ని ట్రూఫ్ అంటారు. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చి కంపెనీ మన మచిలీపట్నంలో వ్యాపారం పెట్టింది. వాళ్ళతో పాటు వాళ్ళ పేక మాటలూ దిగాయి. మన కళావరు వాళ్ళ క్లావర్, మన ఆఠీను వాళ్ళ హార్టెన్. ఆ ట్రూఫ్ అనే మాట ఎక్కడిది? ట్రయంఫ్ అనే మాట నుంచి, అంటే విజయం. ఇంగ్లీషులో ట్రంప్ కార్డు అనే మాట పుట్టిందీ దాన్నుంచే. ఇటలీలో అదే మాటని త్రియోన్ఫో అంటారు, బహువచనం త్రియోన్ఫి. ఈ రోజు మనం టారో అంటున్న పేకకి మొట్టమొదటి పేరు ఏంటో తెలుసా? త్రియోన్ఫి! అంటే మన అరుగు మీద ఆడే తురుపూ, మా చెల్లిని ఏడిపించిన ముక్కా, పేరు వరకు ఒకే చెట్టు కొమ్మలు.

సరే, అసలు విషయానికి వద్దాం. టారో పేకలో 78 ముక్కలు ఉంటాయి. అందులో 56 ముక్కలు మామూలు పేక లాంటివే. నాలుగు రంగులు, రంగుకి 14. రాజు, రాణి, జాకీతో పాటు గుర్రపు రౌతు అని ఇంకొకడు ఉంటాడు. రంగులు మాత్రం ఇస్పేటు, ఆఠీను కావు. గిన్నెలు, నాణేలు, కత్తులు, కర్రలు. మిగిలిన 22 ముక్కలే ప్రత్యేకం. పిచ్చోడు, గారడీవాడు, రాజు, ప్రేమ, అదృష్ట చక్రం, వేలాడే మనిషి, చావు, దయ్యం, సూర్యుడు, చంద్రుడు ఇలాంటి బొమ్మలు. ఆ 22లో పిచ్చోణ్ణి పక్కన పెడితే మిగతా 21 తురుపు ముక్కలు.

మరి ఆ గిన్నెలు, కత్తులు ఎక్కడివి? ఐరోపాలో పేక ముక్కలు కనబడటం మొదలైంది 1370ల నుంచి. 1377లో ఫ్లోరెన్స్ నగరంలో పేక గురించి రాతపూర్వకంగా ఉంది. అవి ఈజిప్టు, సిరియా ప్రాంతాలని ఏలిన మమ్లూకు సుల్తానుల రాజ్యం వైపు నుంచి వచ్చాయి. ఇస్తాంబుల్‌లోని టోప్‌కాపి మ్యూజియంలో ఆ మమ్లూకు పేక ఇప్పటికీ ఉంది. దాని మీద గిన్నెలు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు. ఇటలీ వాళ్ళకి పోలో ఆట తెలీదు కదా, అందుకని ఆ కర్ర వాళ్ళ చేతిలో మామూలు దుడ్డుకర్ర అయిపోయింది. చూశారా, బొమ్మ చేతులు మారితే అర్థం ఎలా జారిపోతుందో! ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇంకో ముచ్చట. ఆ మమ్లూకు ముక్కల మీద ఒక చోట కంజిఫా అనే మాట రాసి ఉంది. అదే మన దేశంలో గంజిఫా. 1527లో బాబరు సింధ్‌లోని ఒక దొరకి గంజిఫా పంపించానని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. తర్వాత మన దగ్గర అవి గుండ్రటి ముక్కలై, వాటి మీద దశావతారాలు ఎక్కాయి. మన తెలంగాణలో నిర్మల్ బొమ్మలు వేసే కళాకారులు కూడా గంజిఫా ముక్కలు చేసేవాళ్ళు. అంటే ఒకే ఆట పడమటికి పోయి పోపు బొమ్మ వేసుకుంది, తూర్పుకి వచ్చి నరసింహస్వామి బొమ్మ వేసుకుంది.

ఇప్పుడు ఇటలీకి వెళ్దాం. ఈ త్రియోన్ఫి పేక గురించి మనకి దొరికిన మొదటి రాతల్లో ఒకటి 1440 నాటిది, ఫ్లోరెన్స్‌లో. 1442లో ఫెరారా దొరల జమాఖర్చుల పుస్తకంలో వీటికి డబ్బు ఇచ్చినట్టు రాసి ఉంది. మూడో ఊరు మిలాన్. అక్కడి పాలకుడు ఫిలిప్పో మరియా విస్కోంతి, ఆయన తర్వాత గద్దెనెక్కిన అల్లుడు ఫ్రాంచెస్కో స్ఫోర్జా. వీళ్ళ కోసం చేతితో వేసిన, బంగారు రేకు అద్దిన ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక పేకలో 74 ముక్కలు మిగిలాయి. అందులో 35 న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో, 26 బెర్గామో ఊరి కర్రారా అకాడమీలో, 13 ఒక కుటుంబం దగ్గర ఉన్నాయి. ఆ పేకలో కనబడకుండా పోయిన నాలుగు ముక్కల్లో దయ్యం ఒకటి, కూలే బురుజు ఒకటి.

ఇంత ఖరీదైన ముక్కలు దేనికి వాడారు? ఆడుకోవడానికండీ! నలుగురూ తలా ఒక ముక్క వేస్తారు, పెద్ద ముక్క వేసినవాడు అన్నీ పట్టుకుపోతాడు. ఆ రంగు చేతిలో లేకపోతే తురుపు వేసి కొట్టొచ్చు. ఇక్కడ తురుపంటే ఏదో ఒక రంగు కాదు, విడిగా ఆ 21 బొమ్మలే తురుపు. పిచ్చోడి ముక్క వేస్తే నువ్వు గెలవవు, ఓడవు, ఆ పట్టు నుంచి తప్పుకున్నట్టు.

మరి ఈ బొమ్మలే ఎందుకు? ఆ రోజుల్లో ఇటలీలో పండగలకి, పెళ్ళిళ్ళకి ఊరేగింపులు తీసేవాళ్ళు, వాటినే త్రియోన్ఫి అనేవాళ్ళు. అలంకరించిన రథాల మీద ప్రేమ, చావు, కీర్తి వేషాలు. అంతకు వందేళ్ళ ముందు పెట్రార్క్ అనే కవి ఇదే పేరుతో ఒక కావ్యం రాశాడు. అందులో ప్రేమని శీలం గెలుస్తుంది, శీలాన్ని చావు, చావుని కీర్తి, కీర్తిని కాలం, కాలాన్ని శాశ్వతత్వం. ఒకదాన్ని మించింది ఇంకొకటి. పేకలో తురుపు పని కూడా ఇదే కదా, ఒకదాన్ని ఇంకొకటి కొట్టడం.

ఇప్పుడు ఆ వరస చూడండి. అన్నిటికన్నా కింద గారడీవాడు. ఈ రోజు మెజీషియన్ అని గొప్పగా చూపిస్తున్నారు గానీ, అసలు వాడు సంతలో బల్ల వేసుకుని గిన్నెల కింద గోళీలు మాయం చేసే మనిషి. వాడి మీద రాణి, రాజు, పోపు. అంటే లోకంలో హోదాలు. ఆ తర్వాత ప్రేమ, విజయ రథం, ధర్మం, బలం, చక్రం, ముసలితనం. అంటే మనిషి బతుకు. ఆ తర్వాత చావు. చావుతో పేక అయిపోలేదు, చూడండి! దాని పైన దయ్యం, పిడుగు పడి కూలే బురుజు, నక్షత్రం, చంద్రుడు, సూర్యుడు, తీర్పు రోజు, ప్రపంచం. మట్టి నుంచి ఆకాశం దాకా ఒక నిచ్చెన. అప్పటి క్రైస్తవ సమాజానికి ఇందులో రహస్యం ఏమీ లేదు, గుడి గోడల మీద రోజూ చూసే బొమ్మలే ఇవి. పాదువాలో జొత్తో అనే చిత్రకారుడు 1305 ప్రాంతంలో ఒక చర్చి గోడ మీద మూర్ఖత్వాన్ని తల మీద ఈకలు పెట్టుకున్న మనిషిగా వేశాడు. మిలాన్ పేకలో పిచ్చోడి తల మీదా ఈకలే.

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది వాళ్ళ వైకుంఠపాళి. చిన్నప్పుడు ఆడాం కదా. పాములు పాపాలు, నిచ్చెనలు పుణ్యాలు, పైన పరమపదం. ఆటలోనే నీతి. పెద్ద పాము మింగిందని మనం ఎవరం భయపడి ఆసుపత్రికి పోలేదే! గవ్వలు మళ్ళీ వేశాం.

రెండు మూడు ముక్కల కథ చెబుతాను, చాలా బాగుంటాయి.

మొదటిది స్త్రీ పోపు. చర్చిలో ఆడవాళ్ళు పోపు కావడానికి లేదు కదా, మరి ఈ బొమ్మ ఏంటి? గెర్ట్రూడ్ మోక్లీ అనే పరిశోధకురాలు 1966లో ఒక పుస్తకం రాసింది. మిలాన్‌లో గుల్యెల్మా అనే ఆవిడని దేవుడి అంశగా కొలిచిన ఒక చిన్న గుంపు ఉండేది. ఆవిడ చనిపోయాక, వాళ్ళు మైఫ్రేదా అనే సన్యాసినిని తమ పోపుగా ఎన్నుకున్నారు. 1300లో మైఫ్రేదాని మతద్రోహి అని కాల్చి చంపారు. ఆవిడ ఎవరనుకున్నారు? విస్కోంతి వంశానికి బంధువు. ఆ బొమ్మ ఆవిడదే కావచ్చని మోక్లీ అభిప్రాయం. అందరూ ఒప్పుకోలేదు, కొందరు ఇది చర్చికే గుర్తు అంటారు. కానీ తమ ఇంటి ఆడపిల్లని కాల్చేసిన నూటాభై ఏళ్ళకి ఆ ఇంట్లోనే ఆ ముక్క ఉండటం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

రెండోది అదృష్ట చక్రం. నలుగురు మనుషులు చక్రానికి అంటుకుని ఉంటారు. పైకెక్కేవాడు "నేను ఏలుతాను" అంటాడు, పైనున్నవాడు "ఏలుతున్నాను" అంటాడు, కిందికి జారేవాడు "ఏలాను" అంటాడు, అడుగున పడ్డ ముసలాడు "నాకు రాజ్యం లేదు" అంటాడు. మిలాన్ ముక్క మీద ఇవి లాటిన్‌లో రాసి ఉన్నాయి. పైన కూర్చున్నవాడికి గాడిద చెవులు పెట్టారు! రాజుగారి పేకలో రాజుకే చురక.

మూడోది వేలాడే మనిషి. ఒక కాలికి తాడు కట్టి తలకిందులుగా వేలాడదీసిన మనిషి. పాత ఇటలీలో ఈ ముక్కని ద్రోహి అనేవాళ్ళు. ఎందుకంటే అక్కడ ద్రోహం చేసినవాణ్ణి ఇలా తలకిందులుగా గోడల మీద బొమ్మ వేసేవాళ్ళు. దొరక్కుండా పారిపోయినా సరే, వాడి పరువు నడి ఊళ్ళో వేలాడేది. 1412లో, అప్పట్లో పోపునని చెప్పుకున్న ఇరవైమూడో జాన్, తన పక్షం వదిలిపోయిన ఒక సేనాపతి బొమ్మని రోమ్‌లో ఇలాగే కుడికాలికి వేలాడుతున్నట్టు వేయించాడు. ఆ సేనాపతి ముజ్జో అత్తెందోలో. ఆయన కొడుకే ఇందాక చెప్పిన ఫ్రాంచెస్కో స్ఫోర్జా! ఆ కొడుకు కాలపు పేకలోనే ఈ ముక్క ఉంది.

మరి డెత్ కార్డు? 1348లో వచ్చిన ప్లేగు ఇటలీలో ఊళ్ళకి ఊళ్ళు ఊడ్చేసింది. తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ వచ్చింది. మిలాన్ ముక్క మీద అస్థిపంజరం చేతిలో విల్లు ఉంటుంది. ప్లేగుని ఆకాశం నుంచి పడే బాణాలుగా ఊహించిన కాలం అది. ఎక్కువ పేకల్లో ఈ ముక్క నంబరు 13. అది చెప్పే మాట ఒకటే: రాజైనా, పోపైనా అందరినీ ఇది కొడుతుంది. ఆట నియమంలో కూడా అంతే, 13 వేస్తే రాజు ముక్కా పోపు ముక్కా రెండూ పోతాయి. ఫలానా వాళ్ళ నాన్న పోతాడని చెప్పడానికి ఎవరూ గీయలేదు.

ఇంకో గట్టి ఆధారం ఉంది. మిలాన్ పాత ముక్కల మీద నంబర్లూ లేవు, పేర్లూ లేవు. పైగా ఊరు మారితే వరస మారేది. మిలాన్‌లో అన్నిటికన్నా పెద్ద ముక్క ప్రపంచం, బొలోన్యాలో తీర్పు రోజు దేవదూత. ఇందులో ఏదో ప్రాచీన రహస్య క్రమం దాచి ఉంటే ఊరికో రకంగా ఎందుకు ఆడతారు?

అలా దాదాపు మూడు వందల ఏళ్ళకి పైగా ఇది ముఖ్యంగా ఆటే. 18వ శతాబ్దం మధ్యలో బొలోన్యాలో కొన్ని ముక్కలకి జోస్యం అర్థాలు రాసుకున్న ఒక కాగితం దొరికింది గానీ, అది ఆ ఊరి మాట వరకే. లోకం మొత్తం మారింది 1781లో, పారిస్‌లో.

కూర్ ద జెబెలా అనే పండితుడు ఒక ఇంట్లో కొందరు ఈ ఆట ఆడుతుంటే చూశాడు. పారిస్‌లో అప్పటికి ఈ ఆట దాదాపు మర్చిపోయారు, ఆయనకి కొత్త. ముక్కలు చూసి, పావుగంటలో అంతా తెలిసిపోయిందన్నాడు. ఇది పేక కాదు, ప్రాచీన ఈజిప్టు పూజారులు థోత్ దేవుడి జ్ఞానాన్ని దాచిపెట్టిన పుస్తకం అన్నాడు. టారో అనే మాట కూడా ఈజిప్టు భాషే, "రాజమార్గం" అని అర్థం చెప్పాడు. ఒక్క సమస్య ఏంటంటే, ఈజిప్టు లిపి చదవడం అప్పటికి ఎవరికీ రాదు! షాంపోల్యో దాన్ని విప్పింది 1822లో, అంటే 41 ఏళ్ళ తర్వాత. విప్పాక చూస్తే ఈ మాటకి ఆ అర్థం ఎక్కడా లేదు.

ఇంకా తమాషా ఉంది. క్రైస్తవంలో ముఖ్యమైన సుగుణాలు నాలుగు: ధర్మం, బలం, నిగ్రహం, వివేకం. పేకలో మొదటి మూడే కనిపిస్తాయి, వివేకం లేదు. జెబెలా దాన్ని వెతికి, వేలాడే మనిషిని పట్టుకున్నాడు. ముక్కలు అచ్చు వేసేవాడు తెలీక బొమ్మని తలకిందులు చేశాడు, అసలు ఇతను ఒంటికాలి మీద నిలబడి రెండో అడుగు ఎక్కడ వేయాలా అని ఆలోచిస్తున్న వివేకి, అన్నాడు. పుస్తకంలో బొమ్మని తిప్పి అచ్చు వేయించాడు కూడా! మూడు వందల ఏళ్ళు ద్రోహిగా వేలాడినవాడు పావుగంటలో వివేకి అయిపోయాడు. ఇందాక పోలో కర్ర గుర్తుందా? మళ్ళీ అదే.

అదే పుస్తకంలో ఇంకొకాయన, కోంత్ ద మెలే, ఈ 22 ముక్కలకీ హీబ్రూ భాషలో 22 అక్షరాలకీ లంకె పెట్టాడు. కొద్ది ఏళ్ళలోనే ఎతేయా అనే పేరుతో ఒకాయన టారో జోస్యం పుస్తకం రాసి, జోస్యం కోసమే విడిగా పేక అచ్చు వేయించాడు. 1850లలో ఎలిఫాస్ లెవి ఆ హీబ్రూ లంకెని పెద్ద మంత్రశాస్త్రంగా పెంచాడు. అది లండన్ చేరి, 1888లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం చేతిలో పడింది.

ఇప్పుడు మన ఫోన్లలో కనిపించే బొమ్మలు ఎక్కడివి? ఆ సంఘంలో ఉన్న ఇద్దరివి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచన, పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు. 1909లో లండన్‌లో రైడర్ కంపెనీ వేసింది. అంటే మనం "ప్రాచీనం" అంటున్న ఆ బొమ్మకి నూట పదిహేనేళ్ళ పైచిలుకు వయసు, అంతే. వెయిట్ స్వయంగా ఈజిప్టు కథకి ఆధారం లేదని రాశాడు, అయినా ఆ కథ ఆగలేదు.

ఈ పమేలా గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. నాటకాలకి పని చేసింది, జమైకా కథలు చెప్పేది, అద్భుతంగా బొమ్మలు వేసేది. కొన్ని నెలల్లో 80 దాకా బొమ్మలు వేసి, చాలా పెద్ద పని చేశాను గానీ వచ్చిన డబ్బు మాత్రం చాలా తక్కువ అని ఒక మిత్రుడికి ఉత్తరం రాసింది. 1951లో కార్న్‌వాల్‌లో పేదరికంలోనే చనిపోయింది. కోట్ల మంది చేతుల్లో తిరిగే బొమ్మలు గీసిన మనిషి భవిష్యత్తు ఇది. చాలా కాలం పేక మీద ప్రచురణకర్త పేరు, వెయిట్ పేరే. ఆవిడ సంతకం మాత్రం ప్రతి ముక్క మూలన పాము మెలికలా ఉంటుంది. ఈసారి చూసినప్పుడు వెతకండి.

ఆవిడ గీసిన డెత్ కార్డు కూడా ఒకసారి సరిగ్గా చూడండి. తెల్ల గుర్రం మీద నల్ల కవచంలో అస్థిపంజరం. చేతిలో కత్తి లేదు, తెల్ల గులాబీ ఉన్న జెండా ఉంది. రాజు కింద పడి ఉన్నాడు. బిషప్ దండం పెడుతున్నాడు. ఒక చిన్న పిల్ల మాత్రం బెదరకుండా చూస్తోంది. వెనక దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడు. అందుకే టారో చదివేవాళ్ళలో చాలామంది దీన్ని మార్పు, ఒక దశ ముగియడం అనే చెబుతారు. ఎవరి చావునో చెప్పే ముక్క అనరు. అంటే మా చెల్లికి "గండం" అన్న ఆ మనిషి, చరిత్ర సంగతి సరే, తన విద్యకి కూడా నిజాయితీగా లేడు. ఆసుపత్రి వరండాలో ఉన్న పిల్ల భయం చూశాడు, దానికి రేటు కట్టాడు.

మీరు టారో చూడకండి అని నేను చెప్పడం లేదండీ. బొమ్మలు చూస్తూ నీ మనసులో ఏముందో నువ్వే తేల్చుకుంటానంటే, అది నీ ఇష్టం. ఫ్రాన్స్‌లో ఈ రోజుకీ లక్షణంగా పేకాట ఆడుకుంటున్నారు, అదీ బాగుంది. కానీ ఎవరైనా ఆ ముక్క నీ మొహం ముందు పెట్టి డబ్బు అడిగితే, ఒక్క ప్రశ్న అడగండి: ఈ అర్థం ఎప్పటిది, ఎవరు పెట్టారు?

ఇదంతా చదివాక ఒక ఆదివారం మా చెల్లిని కూర్చోబెట్టి చెప్పాను. మొత్తం విని, "అయితే అన్నయ్యా, ఆ రాత్రి నాకు పడింది పదమూడో నంబరు తురుపు ముక్క, అంతేగా?" అంది. అంతే అన్నాను. పక్క గదిలోంచి బాబాయి, "తురుపు అంటున్నారు, పేక తెచ్చారా ఏంటి?" అని కేకేశాడు. తెచ్చాం. మామూలు పేకే. బాబాయే గెలిచాడు.

ఇవాళ్టికి ఇంతే అండీ. మీకూ ఇలా ఎప్పుడైనా భయపెట్టి ఎవరైనా డబ్బు లాగారా? పేర్లు వద్దు, జరిగింది మాత్రం రాయండి, ఇంకొకళ్ళకి పనికొస్తుంది. మళ్ళీ కలుద్దాం. ఉంటాను.